చాటెడు తవుడు, ఒక ఊరి పేరు

నా పెద్ద బిడ్డకు మొదట పెట్టిన పేరు ఒక ఊరి పేరు. ఆ ఊరిని నేను చూడలేదు. ఇక ఎవరూ చూడలేరు, అది కృష్ణ నీళ్ళ కింద ఉంది. మా ఇంట్లో ఎవరికీ ఆ ఊరితో చుట్టరికం లేదు. మేము మొక్కుకున్న దేవుడు అక్కడ లేడు. ఆ పేరు మాకు మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనకాల, కుళ్ళిన క్యాబేజీ ఆకుల మీద దొరికింది.

అంతకుముందు నాకు ఇద్దరు పుట్టి పోయారు. మొదటివాడు తొమ్మిది రోజులున్నాడు. తర్వాతిది పదిహేడు రోజులు. మాలో ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెడతారు. ఇద్దరిలో ఎవరూ ఆ రోజు దాకా రాలేదు. ఇద్దరినీ మా ఆయనే చేతుల మీద తీసుకుపోయి మూసీ ఒడ్డున పాతిపెట్టి వచ్చాడు. ఎక్కడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నయాపూల్ మీదుగా పోవలసి వస్తే నది వైపు చూడకుండా దుకాణాల వైపు ముఖం పెట్టుకుని నడిచేదాన్ని. పేరు లేని పిల్లల కోసం ఏడవడం కూడా సరిగ్గా రాదు. "నా కొడుకా, నా బిడ్డా" అనే ఏడ్చాను. ఆ మాటలు ఎవరి పిల్లలకైనా సరిపోతాయి.

మా ఆయన బస్సు డిపోలో ఫిట్టర్. నేను మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మేదాన్ని. పాలకూర, మెంతికూర, పుంటికూర, కొత్తిమీర. ఒక గోనెసంచి పరుచుకుని, తడిగుడ్డ కప్పుకుని, తెల్లవారి నుంచి పది గంటల దాకా కూర్చునేదాన్ని. ఇంట్లో మేమిద్దరం, మా అత్త.

మూడోసారి నాకు నెల తప్పిందని తెలిసినప్పుడే మా అత్త నిర్ణయం చేసేసింది. ఈసారి పుట్టినదాన్ని పెంట మీద వెయ్యాలి. వేసి, వెనక్కి చూడకుండా రావాలి. ఇంకెవరో వచ్చి, తమకు దొరికిందని ఎత్తుకోవాలి. అప్పుడు మనం పోయి చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కోవాలి. అప్పటి నుంచి ఆ పిల్ల మన కడుపున పుట్టినది కాదు, పెంట మీద పారేస్తే తవుడుకు కొన్నది. అంత చవకదాని కోసం మృత్యువు రాదని నమ్మకం. ఎత్తుకున్నవాళ్ళే పేరు కూడా పెట్టాలి. మా ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిందే. ప్రతి ఇంటి వెనకాలా పెంటకుప్ప ఉంటుంది, ఎత్తుకోవడానికి మేనత్తో పిన్నమ్మో ముందే సిద్ధంగా ఉంటుంది.

"ఈ పట్నంల పెంట యాడ దొరకాలెరా?" అని మా అత్త దిగులు పడింది.

"పట్నమంత పెంటనే గదనే అవ్వా," అన్నాడు మా ఆయన. "నీకు యాడ గావాలె చెప్పు."

నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. ఇద్దరిని మోసిన చేతులు ఆయనవే.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పురిటి స్నానం అయింది. మర్నాడు పొద్దుటికి మేము అనుకున్న ఏర్పాటు ఇది: మార్కెట్ వెనకాల రోజూ పారబోసే కుప్ప మీద చాటలో పిల్లను పెడతాం. మా ఆడబిడ్డ మొదటి బస్సుకు వచ్చి ఎత్తుకుంటుంది. ఆమే పెంటను తలపించే పేరు ఏదో ఒకటి పెడుతుంది. తర్వాత నెమ్మదిగా ముద్దుపేరు చేసుకోవచ్చు.

చాటలో నా పాత చీర మడిచి పరిచి, పిల్లను పడుకోబెట్టి, కుప్ప మీద పెట్టాను. క్యాబేజీ ఆకులు, పగిలిన టమాటలు, ముల్లంగి మట్టలు. పిల్ల నిద్రపోతోంది. నేనూ మా అత్తా వెనక్కి చూడకుండా ఇరవై అడుగులు వేసి, మూసి ఉన్న దుకాణం ముందు నిలబడ్డాం. మా ఆడబిడ్డ రాలేదు. ఒక బస్సు వచ్చిన చప్పుడైంది, ఆమె రాలేదు. రెండో బస్సు వచ్చింది, ఆమె రాలేదు. తర్వాత తెలిసింది, ఉత్త చేతులతో రావడం బాగుండదని పూలు కొనడానికి చార్మినార్ దగ్గర దిగిందట.

"అరే గాయ్! గాయ్!" అని ఎల్లిపాయలు అమ్మే ముసలాయన కేక వినబడింది.

మార్కెట్‌లో తిరిగే ఆవు ఒకటి ఉండేది. ఆ కుప్ప దాని అన్నం. నేను తిరగబోయాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"చూడకు. ఎనకకు చూస్తే అంత పాయె."

నేను చూడలేదు. ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, ఎట్లా చూడకుండా ఉన్నానని. ఇద్దరు పోయినదాన్ని, అత్త ఏది చెబితే అది చేసే భయంలో ఉన్నాను. వెనకాల డెక్కల చప్పుడు, ఆకులు నమిలే చప్పుడు, తర్వాత ఎవరో పరుగెత్తిన చప్పుడు. చీపురుతో కొట్టిన దెబ్బలు. అప్పుడు పిల్ల ఏడ్చింది.

మేము తిరిగి చూసేసరికి మార్కెట్ ఊడ్చే ఆమె నా పిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఇంకో చేత్తో ఆవు మూతి మీద చీపురుతో కొడుతోంది. పొడుగ్గా ఉండేది ఆమె, నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. రోజూ మా గోనెసంచుల ముందు నుంచే ఊడుస్తూ పోయేది. మాలో ఎవరమూ ఆమెతో మాట్లాడేవాళ్ళం కాదు. "కాళ్ళు తియ్యిన్రి" అని ఆమె అనేది, మేము కాళ్ళు తీసేవాళ్ళం. అంతే.

"ఎవలదీ పిల్ల?" అని అరిచింది.

మా అత్త ముందుకు పోయి చెప్పింది. "ఓ పిల్లా, దించు దాన్ని. మల్ల చాటల పెట్టు. మా బిడ్డ వస్తది, ఆమె తియ్యాలె."

"ఆవు తొక్కుతదని తీసిన. మల్ల పెంటల పెట్టాల్నా? నా చేతులతోటైతె నేను పెట్టనవ్వా. నీ మన్మరాలే గదా, ఇగో, నువ్వే పెట్టుకో."

పిల్లను మా అత్త వైపు చాచింది. మా అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది. కొనకుండా తీసుకుంటే తంతు చెడుతుంది, చేసినదంతా వ్యర్థం. అట్లని ఊడ్చే ఆమె ఎత్తుకున్నదని ఒప్పుకుంటే, పేరు పెట్టే హక్కు ఆమెదవుతుంది. మా అత్త ముఖంలో ఆ లెక్క నాకు కనబడింది. ఊడ్చే ఆమె కులం ఏమిటో మార్కెట్‌లో అందరికీ తెలుసు.

ఎల్లిపాయల ముసలాయన నవ్వాపుకోలేకపోయాడు. "మాల్ ఉఠ్ గయా అమ్మా! అబ్ సౌదా కరో!"

సరుకు చేతికెత్తుకున్నారు, ఇక బేరం చేసుకోమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ మల్లెపూల పొట్లంతో ఆయాసపడుతూ వచ్చింది.

"అయిపాయెనా అవ్వా?"

"అయిపాయె. గా పూలు నువ్వే పెట్టుకో," అంది మా అత్త.

నేనే చాటలో తవుడు పోసుకుని ఆమె ముందుకు పోయాను. అడగవలసినట్టే మూడుసార్లు అడిగాను. "పిల్లను అమ్ముతవా?"

ఆమెకు తంతు తెలుసు. రెండుసార్లు "అమ్మను" అంది. మూడోసారి నా ముఖం చూసి, "ఇయ్యి తీ. నా మేక తింటది," అని కొంగు పట్టింది. తవుడు కొంగులో పోశాను. పిల్లను నా చేతుల్లో పెట్టింది. పిల్ల వీపుకు క్యాబేజీ ఆకు ఒకటి అంటుకుని ఉంటే తీసి పారేసింది.

"పేరు నువ్వే పెట్టాలె," అన్నాను.

తవుడు పోసిన కొంగు ముడి వేసుకుంది. తర్వాత ఒక మాట చెప్పింది. అది పేరని మాకు మొదట తెలియలేదు.

"గదేం పేరు?" అంది మా అత్త. "ఊరి పేరు లెక్కుంది."

"ఊరి పేరేనవ్వా. మా ఊరు."

"యాడ ఉంటది?"

"ఇప్పుడు లేదు. డ్యాం కట్టినంక నీళ్ళల్ల పోయింది."

మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. ఊడ్చే ఆమె అత్తతో మాట్లాడడం మానేసి నాతో చెప్పింది.

"ఊరోళ్ళు తలొక దిక్కు పోయిన్రు చెల్లె. నా మొగడు ఈడికచ్చి రెండేండ్లకే సచ్చిపోయిండు. మా ఊరు ఏదంటె గిప్పుడు ఎవలికి చెప్పాలె, చెప్తె ఎవలికి తెలుస్తది? బస్సు మీద బోర్డు లేదు, బస్సు ముందటి ఊరి కాన్నే ఎనకకు మలుగుతది. గా పేరు ఎవలన్న నోరార పిలుస్తుంటె ఒక్కపారి వినాలని ఉంది. గంతే." ఆగి, "మార్చవు గదా?" అంది.

"మార్చనక్కా."

"బడిల ఏస్తె కాయిదం మీద గూడ గదే రాయిస్తవా?"

"రాయిస్త."

అక్షరం ముక్క రానిదాన్ని. కాగితం మీద రాయించడం అంటే ఏమిటో తెలియదు. అందుకే అంత సులువుగా మాట ఇచ్చాను.

ఇంట్లో పెద్ద లొల్లి అయింది. "మునిగిన ఊరి పేరు పెడ్తె పిల్ల మునగదా?" అని మా అత్త. "ఊరు మునగనే మునిగె, ఇంక మునగనీకె ఏముందే?" అని మా ఆయన. ఇరవై ఒకటో రోజు వచ్చింది. తొట్టెలలో వేశాం. నా ఇద్దరిలో ఎవరూ చూడని రోజు అది. మా అత్త ఆ పేరు పలకకుండా "బుడ్డీ" అని పిలిచింది. ఇంట్లో ఆ పిల్ల బుడ్డి గానే పెరిగింది. మా ఆయన కూడా అట్లాగే పిలిచాడు.

మార్కెట్‌లో మాత్రం నేను అసలు పేరుతో పిలిచేదాన్ని. నడక వచ్చాక పిల్ల గోనెసంచుల మధ్య తిరిగేది. ఉల్లిగడ్డల కుప్పలెక్కేది. నేను కొత్తిమీర కట్టలు కడుతూ గొంతెత్తి పిలిచేదాన్ని, అవసరం లేకపోయినా. పిలిచినప్పుడు ఎక్కడో వరస చివర చీపురు చప్పుడు ఆగేది. లెక్కపెట్టినట్టు రెండు క్షణాలు. మళ్ళీ మొదలయ్యేది. ఆమె తలెత్తి చూసేది కాదు, పిల్ల దగ్గరకు వచ్చేది కాదు. పిల్లకు ఒక్కసారి కూడా ఏమీ తెచ్చి ఇవ్వలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. ఆమెకు కావలసింది పిల్ల కాదు. ఆ పేరు ఒక నోట్లోంచి వచ్చి మార్కెట్ మీదుగా పోవడం. ఎవరో ఆ పేరుకు "ఆఁ" అని పలకడం.

అయిదేళ్ళు అట్లా గడిచాయి. పిల్లకు ఏమీ కాలేదు. తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు, వాళ్ళూ నిలిచారు.

బడిలో వేసే ఏడాది దసరాకు మా ఆయన పిల్లను డిపోకు తీసుకుపోయాడు. ఆయుధపూజ నాడు బస్సులకు దండలు వేస్తారు, పిల్లలకు మిఠాయి పంచుతారు. వాళ్ళ పెద్ద సారు పిల్ల గడ్డం పట్టుకుని పేరేంటని అడిగాడు. పిల్ల మార్కెట్ పేరే చెప్పింది. ఆయన నవ్వి, "ఏ బస్సు పోతదయ్యా గా ఊరికి?" అన్నాడట. పక్కనున్నవాళ్ళలో ఒకడికి మా మార్కెట్ కథ తెలుసు. చెప్పేశాడు. పేరు పెట్టిందెవరో కూడా.

మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అన్నాడు. "గా పేరు ఇస్కూల్ల ఏస్తే నా ఇజ్జత్ పోతది. మంచి పేరు రాయించు." ఏం పేరో కూడా చెప్పాడు. అప్పట్లో అందరూ ఆడపిల్లలకు పెడుతున్న పేరే.

"మాట ఇచ్చిన," అన్నాను.

"ఎవలకిచ్చినవ్? ఊడ్చేదానికా?"

దసరా సెలవులయ్యాక బడిలో వేసే రోజు ఆయన రాలేదు, డ్యూటీ ఉంది. పత్తర్‌గట్టిలో కొన్న కొత్త గౌను వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి నేనే తీసుకుపోయాను. పెద్ద టీచరమ్మ బల్ల ముందు కూర్చోబెట్టింది. గంజి పెట్టిన తెల్ల చీర. బల్ల మీద పెద్ద పుస్తకం. "పాప పేరేంటమ్మా?" అంది మెత్తగా.

ఆ గదిలో మా ఆయన లేడు. మా అత్త లేదు. డిపో సారు లేడు. ఆ పేరు చెబితే టీచరమ్మ అదేం పేరని అడుగుతుంది, ఎవరు పెట్టారని అడుగుతుంది, ఆ తెల్ల చీర ముందు నేను పెంటకుప్ప సంగతి చెప్పాలి. అంతే నా భయం. ఎవరూ నా మెడ పట్టుకోలేదు. మా ఆయన చెప్పిన పేరే చెప్పాను. ఆమె రాసుకుంది. సిరా దిండు జరిపింది, వేలిముద్ర వేశాను. ఏం రాసిందో నేను చదవలేను గాని ఏం రాయలేదో తెలుసు.

ఆ తర్వాత చాలా రోజులు పిల్ల ఒళ్ళు ముట్టుకుని చూసేదాన్ని. ఎత్తుకున్నవాళ్ళు పెట్టిన పేరు మారిస్తే పిల్ల దక్కదని విన్నాను. రాత్రి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పిల్లకు ఏమీ కాలేదు. బొద్దుగా పెరిగింది, పాటలు నేర్చుకుంది. నేను మాట తప్పితే కీడు నా పిల్లకే అనుకున్నాను. ఇంకొకరికి తగులుతుందని నాకు తోచనే లేదు.

బడిలో వేశాక పిల్ల మార్కెట్‌కు రావడం మానేసింది. కొన్నాళ్ళు చూసి ఆమె అడిగింది. "పిల్ల కనబడ్తలేదేంది చెల్లె?"

"బడికి పోతుందక్కా."

"బడిల ఏమని పిలుస్తున్నరు?"

"నువ్వు పెట్టిందే."

పాలకూర మీద నీళ్ళు చల్లుతూ చెప్పాను. తలెత్తలేదు. ఆమె చీపురు గోడకు ఆనించి నా సంచి పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో కూర్చోవడం అదే మొదలు. "కాయిదం మీద ఎక్కిందన్నమాట," అంది. ఎల్లిపాయల ముసలాయనకు కూడా చెప్పింది. "మా ఊరు ఇస్కూల్ల చదువుతుంది భాయ్!" ఆయన "ముబారక్, ముబారక్" అని రెండు ఎల్లిపాయలు ఆమె చేతిలో పెట్టాడు.

ఆ చలికాలంలో ఆమెకు బడి ఉన్న సందు కూడా ఊడ్చే పని పడింది. నాకు తెలియదు. ఒకరోజు మార్కెట్ ఊడ్వడం అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"నిన్న బడి సందుల ఊడుస్తుంటె హాజరీ పిలుస్తున్నరు. చీపురాపి నిలవడ్డ. మొత్తం పిలిచిన్రు. మన పిల్ల పేరు రాలే."

"నిన్న పోలేదక్కా. జ్వరం."

"అట్లనా." నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. "జల్ది తగ్గాలె," అని లేచిపోయింది.

మర్నాడు చీపురు లేకుండా వచ్చింది. కొంగులో ఏదో మూట. నా సంచి మీద, మెంతికూర పక్కన విప్పింది. తవుడు. చాటెడు ఉంటుంది, తక్కువ లేదు.

తవుడు తిరిగి ఇస్తే ఇక పిల్ల ఎవరిది? మా అత్త చెప్పిన కథల్లో ఎక్కడా ఇట్లా లేదు.

"గా హాజరీ పిలిచిన దినమే కిటికీలకెళ్ళి చూసిన చెల్లె. ముందటి వరసల కూసుంది. ఎర్ర రిబ్బన్లు. వేరే పేరు పిలిస్తె చెయ్యి లేపింది."

"నిన్ననే అడగకపోతివా అక్కా?"

"నువ్వే చెప్తవేమోనని చూసిన."

నేను ఏడవడం మొదలుపెట్టాను. అక్కడ కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. మా ఆయన అన్నాడని చెప్పాను, డిపో సారు నవ్వాడని చెప్పాను. టీచరమ్మ గదిలో నేనొక్కదాన్నే ఉన్నానని మాత్రం చెప్పలేదు.

"ఏడువకు. నీ తవుడు నీకు. పిల్ల నీదే, సల్లగుండాలె. పేరు మాత్రం నాకిచ్చెయ్."

"పేరెట్ల ఇస్తరక్కా?"

"ఇంక పిలువకు. గంతే."

ఆ రోజు నుంచి నేను ఆ పేరు పిలవలేదు. ఇక్కడ రాయకపోవడానికీ అదే కారణం. ఆ పేరు నాది కాదు.

ఆ తవుడు ఏం చేయాలో నాకు తెలియలేదు. మా అత్తకు తెలిస్తే ఇల్లు లేచిపోతుంది. బియ్యం డబ్బా వెనకాల గుడ్డలో కట్టి దాచాను. ఎనిమిది రోజులు చూశాను. పురుగు కనబడింది. జల్లించి, మూట నెత్తిన పెట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తిరిగి తీసుకోమని కాళ్ళు పట్టుకుందామనే పోయాను. ఏమని అడుగుతానో తెలియదు. బడిలో పేరు మార్పిస్తానని చెప్పే ధైర్యం అప్పుడు కూడా నాకు లేదు.

మురుగు నాలా పక్కన రేకుల గుడిసె. దగ్గరికి పోతుంటేనే ఆమె గొంతు వినబడింది. ఆ పేరు పెట్టి పిలుస్తోంది. గట్టిగా, సాగదీసి, నేను మార్కెట్‌లో పిలిచినట్టే. నా కాళ్ళు ఆగిపోయాయి. పిల్ల బడి నుంచి ఇక్కడికి వచ్చిందా అనుకున్నాను. బడి విడిచే వేళ కూడా కాదు.

మంచం కింద నుంచి మేకపిల్ల వచ్చింది. నల్లది, నుదుట తెల్ల మచ్చ. ఆమె చేతిలోని చింతాకు అందుకుంది.

నన్ను చూసి ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇది బడికి పోదు," అంది.

నవ్విందనే అనుకుంటాను. సరిగ్గా చెప్పలేను. తవుడు మూట నేల మీద పెట్టాను. ఆమె వద్దనలేదు. "పెట్టు, తింటది," అంది. మేకపిల్ల మూతి నిండా తవుడు చేసుకుని తింటుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆమె దాని వీపు నిమురుతూ మళ్ళీ ఆ పేరు అంది. మేకపిల్ల తల ఎత్తి చూసింది. పేరు పెట్టి ఎన్నో రోజులు కాలేదు, అప్పుడే పలుకుతోంది. కూర్చోమని నన్ను అనలేదు. నేనూ కూర్చోలేదు.

ఆ మరుసటి ఏడాది ఆమెను వేరే వార్డుకు మార్చారని విన్నాను. మార్కెట్‌కు ఇంకొకరు వచ్చారు. ఒకసారి నాలా వైపు పోతే గుడిసెలో వేరే సంసారం ఉంది. మేక సంగతి అడుగుదామనిపించింది. అడగడానికి దాని పేరు చెప్పాలి. తిరిగి వచ్చేశాను.

చాలా ఏళ్ళకు నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది నా పెద్ద బిడ్డే. అప్పటికి అది పదో తరగతి, మా అత్త పోయింది. మధ్యాహ్నం పూట వంట సర్దుకున్నాక చిన్నపిల్లల పాత పలక ముందు పెట్టి కూర్చోబెట్టేది. నా చేతివేళ్ళు కొత్తిమీర కట్టలకు అలవాటు పడ్డవి, బలపం నిలిచేది కాదు. "గట్ల కాదే అమ్మా, గుండ్రంగ తిప్పు, జిలేబి లెక్క," అని విసుక్కునేది. ముందు దాని పేరు రాయించింది, బడి పేరు. తర్వాత వాళ్ళ నాయన పేరు. తర్వాత నా పేరు. ఒకరోజు, "ఇయ్యాల నేను చెప్ప. నీకు ఏ మాట రాయాలనిపిస్తె అది రాయి," అంది.

నేను ఆ పేరు రాశాను. రాయకూడదని తెలుసు. కాగితం కాదు కదా, పలకే కదా అనుకున్నాను. చాలాసేపు పట్టింది. నా బిడ్డ నా భుజం మీదుగా వంగి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివింది. పైకి చదివింది. ఆ పేరు దాని నోట్లోంచే వచ్చింది.

నేను దాని ముఖం చూశాను. అయిదేళ్ళ దాకా ఆ మాటకు పలికిన పిల్ల. ఏమీ లేదు ఆ ముఖంలో.

"తప్పు లేదు, మంచిగనే రాసినవ్," అంది. "ఏందిది? ఊరి పేరు లెక్కుంది."

"ఊరే."

"మనదా?"

"కాదు బిడ్డా."

"మరి ఎవలది?"

"ఒకామెది."

"సరే తీ. రేపు ఇంకోటి రాద్దువు," అని తడిగుడ్డ అందుకుని పలక తుడిచింది.